ఏపీఐ వెర్షన్ చుక్క కాదు, గీత

ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని పని అడిగే పద్ధతిని ఏపీఐ అంటారు; అడిగేది క్లయింటు, చేసిపెట్టేది సర్వీసు. 2025 నవంబరులో, ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ ఇంజిన్ 29 విడుదలయ్యాక, చాలా సర్వర్ల లాగ్ రికార్డుల్లో ఒకే రకం ఎర్రర్ కనబడింది: క్లయింట్ వెర్షన్ 1.24 మరీ పాతది, కనీసం 1.44 ఉండాలి అని. కంటైనర్లు నడుస్తూనే ఉన్నాయి, డెమన్ (వెనక ఉండి వాటిని నడిపే డాకర్ ప్రోగ్రాము) బాగానే ఉంది. కానీ డాకర్ సాకెట్ (డెమన్‌తో మాట్లాడే ద్వారం) మీద ఆధారపడే పనిముట్లు మాత్రం ఉన్నట్టుండి మూగబోయాయి. వాటిలో వచ్చే రిక్వెస్టుల్ని సరైన కంటైనరుకు పంపే రివర్స్ ప్రాక్సీలు ఉన్నాయి, కంటైనర్లను చూపించే డాష్‌బోర్డులు ఉన్నాయి, టెస్టుల కోసం కంటైనర్లు లేపే లైబ్రరీలూ ఉన్నాయి. కొన్నిటి కోడ్‌లో 1.24 అన్న నంబరు నేరుగా రాసి ఉంది. అది 2016 నాటి డాకర్ 1.12 మాట్లాడిన వెర్షన్. అంత పాత నంబరు అడిగితే ఏ డెమన్ అయినా పలుకుతుందిలే అనుకోవడం సహజం. ఏళ్ల తరబడి అది నిజం కూడా. డెమన్ తన కింది హద్దును 1.44కి, అంటే 2024 జనవరి నాటి డాకర్ 25 స్థాయికి జరిపిన రోజున ఆ లెక్క తప్పింది.

క్లయింటూ సర్వీసూ ఒకే వయసులో ఉండే క్షణం ఆచరణలో దాదాపు రాదు. ఫోన్లో యాప్‌ని జనం నెలల తరబడి అప్‌డేట్ చెయ్యరు. రెండు వైపులా మన చేతిలోనే ఉన్నా, ఇరవై సర్వర్ల మీద ఒక్కొక్కటిగా డిప్లాయ్ చేస్తున్నంతసేపూ పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడుస్తాయి. మధ్యలో రోల్‌బ్యాక్ చేస్తే, అంటే వెనకటి వెర్షన్‌కి తిప్పితే, కొత్త క్లయింటు పాత సర్వరుకు ఎదురుపడుతుంది. అందుకే "నీది ఏ వెర్షన్?" అన్న ప్రశ్నతో పని జరగదు. "ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా నీకు అర్థమవుతుంది?" అని అడగాలి. సర్వీసుకు ఒక కింది హద్దు, ఒక పై హద్దు ఉంటాయి. క్లయింటుకూ అంతే. రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో అక్కడే మాట సాగుతుంది. కోడ్‌లో ఒకే నంబరు రాసిపెట్టడమంటే మన గీతను మనమే చుక్కగా కుదించుకోవడం. ఆ చుక్క పాతదైతే ఇవాళ పనిచేసి ఎప్పుడో విరుగుతుంది, కొత్తదైతే ఇవాళే విరుగుతుంది. తేడా అంతే.

డాకర్‌లోనే దీనికి సరైన పద్ధతి 2017 నుంచీ ఉంది. క్లయింటు ముందుగా వెర్షన్ నంబరు లేని పింగ్ అడ్రసుకు ఒక రిక్వెస్ట్ పంపుతుంది. జవాబు హెడర్లలో (జవాబుతో పాటు వచ్చే వివరాల పంక్తుల్లో) డెమన్ తన గరిష్ఠ ఏపీఐ వెర్షన్ చెబుతుంది. క్లయింటు తన గరిష్ఠంతో పోల్చి, రెండిటిలో తక్కువదాన్ని ఎంచుకుంటుంది. తర్వాతి రిక్వెస్టులన్నిటి పాత్‌లో, అంటే అడ్రసులో, ఆ నంబరే ఉంటుంది. ఈ పింగ్ అడ్రసుకు వెర్షన్ ఉండకపోవడం చిన్న విషయం కాదు. ఏ భాషలో మాట్లాడాలో తేల్చుకోవడానికి వేసే మొదటి ప్రశ్న అన్ని కాలాల్లోనూ అర్థం కావాలి. కొత్తగా సర్వీసు రాస్తున్నవాళ్లు మిగతావన్నీ తర్వాత చూసుకున్నా ఫర్వాలేదు కానీ, ఇది మాత్రం మొదటి రోజే పెట్టాలి. అందులో కింది హద్దు, పై హద్దు రెండూ చెప్పాలి. పై హద్దు ఒక్కటే చెబితే, పాత క్లయింటు తనకు చోటు లేదన్న సంగతి దెబ్బతిన్నాక గానీ తెలుసుకోదు.

ఇక్కడ రెండు గుంటలు ఉన్నాయి. మొదటిది: ఈ వెర్షన్ బేరం ఒకసారి కుదిరాక క్లయింటు దాన్నే గుర్తుపెట్టుకుంటుంది. నెలల తరబడి ఆగకుండా నడిచే ఏజెంటు కింద డెమన్ మారిపోతే, గుర్తున్న నంబరు చెల్లని నంబరవుతుంది. కనెక్షన్ తెగి మళ్లీ కలిసిన ప్రతిసారీ, లేదా వెర్షన్ ఎర్రర్ వచ్చిన వెంటనే, మళ్లీ అడిగేలా రాసుకోవాలి. రెండోది ఇంకా లోతైనది. తక్కువ వెర్షన్‌కి దిగడమంటే కొన్ని సామర్థ్యాలు వదులుకోవడం. వాడేవాడు అడిగిన ఆప్షన్ ఆ పాత వెర్షన్‌లో లేకపోతే ఏం చెయ్యాలి? చప్పుడు చెయ్యకుండా ఆ ఆప్షన్‌ని వదిలేసి పని పూర్తయిందని చెప్పడం, నా దృష్టిలో, ఎర్రర్ ఇవ్వడం కన్నా చాలా పెద్ద తప్పు. డాకర్ కమాండ్ లైన్ ఇందులో చక్కటి పద్ధతి పాటిస్తుంది. తర్వాత చేరిన ఆప్షన్ల పక్కన అవి ఏ ఏపీఐ వెర్షన్‌లో పుట్టాయో రాసి ఉంటుంది. ప్లాట్‌ఫామ్ ఆప్షన్ ఇచ్చి, అవతలి డెమన్ పాతదైతే, ఈ ఆప్షన్‌కి 1.32 కావాలి, డెమన్ దగ్గర ఉన్నది ఇంతే అని రెండు నంబర్లూ చెప్పి ఆగిపోతుంది. ఏ క్లయింటు లైబ్రరీ అయినా ఇలాంటి పట్టికను ఆప్షన్ల పక్కనే పెట్టుకోవాలి. తర్వాత వెతికి రాద్దామంటే ఆ చరిత్ర ఎవరికీ గుర్తుండదు.

డాకర్ 29 సమస్యకు తాత్కాలిక చికిత్స డెమన్ వైపు ఉంది: కాన్ఫిగ్ ఫైల్లో కనిష్ఠ ఏపీఐ వెర్షన్‌ని మళ్లీ 1.24కి దించవచ్చు. అత్యవసరంలో తప్పులేదు. కానీ దించిన చోట ఎందుకు దించామో, ఏ టూల్ కొత్తదైతే తీసేస్తామో కామెంట్‌గా రాయకపోతే ఆ కట్టు ఎప్పటికీ ఊడదు.

గీతను కాగితం మీద పెట్టి మాట నిలబెట్టుకునే విషయంలో, చాలా సర్వర్ల గుంపు (క్లస్టర్) మీద కంటైనర్లను నడిపించే కుబర్నెటీస్‌ని చూడాలి. దాని కమాండ్ లైన్ క్లయింటు క్యూబ్‌సీటీఎల్, ఏపీఐ సర్వర్ కన్నా ఒక మైనర్ వెర్షన్ (చుక్క తర్వాతి అంకె) ముందున్నా, వెనకున్నా పనిచేస్తుంది. అంటే సర్వర్ 1.32 అయితే క్లయింటు 1.31, 1.32, 1.33 ఏదైనా సరే. నోడ్ మీద, అంటే క్లస్టర్లోని ఒక్కో సర్వర్ మీద, నడిచే క్యూబ్‌లెట్ అనే ఏజెంటు మాత్రం సర్వర్ కన్నా ఎప్పుడూ కొత్తది కాకూడదు. కుబర్నెటీస్ 1.28 నుంచి అది మూడు మైనర్ వెర్షన్ల దాకా వెనకబడవచ్చు. అప్‌గ్రేడ్ క్రమం దీన్నిబట్టే వస్తుంది: ముందు ఏపీఐ సర్వర్, తర్వాత నోడ్లు. ఒక చిక్కుంది. అప్‌గ్రేడ్ మధ్యలో రెండు ఏపీఐ సర్వర్లు 1.31లోనూ 1.32లోనూ ఉంటే, క్యూబ్‌సీటీఎల్ ఆ రెండిటికీ సరిపోవాలి కాబట్టి 1.31, 1.32 రెండే మిగులుతాయి. తేడాకు ఇచ్చిన జాగాను అప్‌గ్రేడ్ కొంత తినేస్తుంది. మన సొంత సర్వీసుల్లో కూడా ఇదే లెక్క వర్తిస్తుంది, కానీ అది ఎవరూ రాసిపెట్టుకోరు.

ఇంత జాగ్రత్తగా ఉన్నా 2021లో కుబర్నెటీస్ 1.22 చాలామందిని ఇబ్బంది పెట్టింది. ఇంగ్రెస్ (బయటి రిక్వెస్టుల్ని లోపలికి మళ్లించే నియమాలు), కస్టమ్ రిసోర్స్ డెఫినిషన్ (సొంత వస్తురకాల నిర్వచనం) లాంటివాటి బీటా వెర్షన్లు అందులో తీసేశారు. హెచ్చరికలు చాలా ముందే ఇచ్చారు. 1.19 నుంచే, పాత వెర్షన్ అడిగితే ఏపీఐ సర్వర్ 299 కోడ్‌తో వార్నింగ్ హెడర్ పంపేది, క్యూబ్‌సీటీఎల్ దాన్ని తెర మీద చూపేది. మరి దెబ్బ ఎక్కడ తగిలింది? తెర చూసే మనిషే లేని చోట. కోడ్ దాచే గిట్‌లో పడుకున్న యామల్ సెట్టింగుల ఫైలు కూడా ఒక క్లయింటే. రాత్రి రెండింటికి నడిచే పైప్‌లైన్ కూడా క్లయింటే. చార్టులనే ప్యాకేజీలతో అప్లికేషన్లను క్లస్టర్లో పెట్టే హెల్మ్ విషయం మరీ విచిత్రం: అది తను చివరిసారి పెట్టిన మ్యానిఫెస్టుని (ఏమేం నడవాలో చెప్పే వివరణని) క్లస్టర్లోనే దాచుకుంటుంది. క్లస్టర్ ముందుగా కొత్త వెర్షన్‌కి వెళ్లిపోతే, మన చార్టు సరిదిద్దినా, దాచుకున్న పాత మ్యానిఫెస్టులోని ఏపీఐ క్లస్టర్‌కి తెలియదు కాబట్టి హెల్మ్ అప్‌గ్రేడ్ అక్కడే ఆగిపోతుంది. అందువల్ల ముందు చార్టు సవరించి పాత క్లస్టర్ మీదే ఒకసారి హెల్మ్ అప్‌గ్రేడ్ చెయ్యాలి, తర్వాతే క్లస్టర్. క్రమం తప్పినవాళ్లు దాచుకున్న రికార్డులోని వెర్షన్‌ని మార్చే ప్లగిన్ వాడుకోవాలి. క్లయింట్ల జాబితా రాసేటప్పుడు నడిచే ప్రోగ్రాములతో పాటు దాచిపెట్టిన డేటా, క్యూలో ఉన్న మెసేజీలు, పాత బ్యాకప్‌లు కూడా లెక్కలోకి రావాలని దీనితో తేలుతోంది.

ఇంతవరకూ నంబర్ల సంగతి. నంబరు మారకుండానే విరిగేవే ఎక్కువ. "ఫీల్డు చేర్చడం ఎవరినీ ఇబ్బంది పెట్టదు" అని సర్వీసు రాసేవాళ్లు గట్టిగా నమ్ముతారు. జావాలో జేసన్ అనే టెక్స్ట్ రూపంలోని డేటాను చదివే జాక్సన్ లైబ్రరీ 2.x వెర్షన్లు డిఫాల్టుగా, తెలియని ఫీల్డు కనబడితే ఎక్సెప్షన్ (ఎర్రర్) ఇచ్చి ఆగిపోతాయి. కాట్లిన్ సీరియలైజేషన్ లైబ్రరీ కూడా అంతే. గో భాషలోని జేసన్ ప్యాకేజీ మాత్రం పట్టించుకోకుండా దాటిపోతుంది. కాబట్టి ఫీల్డు చేర్చడం సురక్షితమో కాదో నిర్ణయించేది సర్వీసు కాదు, క్లయింటు వాడే లైబ్రరీ డిఫాల్టు. తెలియని ఫీల్డుల్ని దాటిపోవాలని సర్వీసు డాక్యుమెంటేషన్ మొదటి పేజీలోనే రాయాలి. క్లయింటు రాసేవాళ్లు ఆ సెట్టింగ్ మొదటి రోజే మార్చుకోవాలి.

ఎనమ్, అంటే ముందే నిర్ణయించిన కొన్ని విలువల్లో ఒకటే తీసుకునే ఫీల్డు, ఇంకా ప్రమాదం. ఒక ఆర్డర్ స్టేటస్ తీసుకోండి: పెండింగ్, పెయిడ్, క్యాన్సిల్డ్. ఒక రోజు సర్వీసు "కొంత రిఫండ్ అయింది" అనే నాలుగో విలువ చేరుస్తుంది. క్లయింటు 50 ఆర్డర్ల జాబితా తెచ్చుకుంటుంది. అందులో ఒక్కదానికే ఈ కొత్త స్టేటస్. వచ్చిన డేటాను చదివే డీకోడర్ ఆ ఒక్కదాని దగ్గర ఎక్సెప్షన్ ఇస్తుంది, మొత్తం జాబితా పోతుంది, వాడేవాడికి తెల్ల తెర కనిపిస్తుంది. మిగతా 49 ఆర్డర్ల తప్పేముంది? దీన్ని క్లయింటు రెండు చోట్ల కాచుకోవాలి. ప్రతి ఎనమ్‌కీ "తెలియదు" అనే విలువ ఉండాలి, వచ్చిన అసలు పదాన్ని అందులో అలాగే పట్టుకోవాలి. జాబితాను ఒక్కో అంశంగా డీకోడ్ చెయ్యాలి, విఫలమైనదాన్ని లాగ్ చేసి మిగతావి చూపాలి. ఆపైన, స్టేటస్ తెలియని ఆర్డర్‌కి "డబ్బు కట్టు" బటన్ చూపాలా వద్దా అన్నది ప్రోగ్రామర్ ఒక్కడు తేల్చేది కాదు, వ్యాపారం చూసేవాళ్లని అడగాల్సిందే. నా మొగ్గు ఒకవైపే: తెలియని స్థితిలో వెనక్కి తీసుకోలేని పని ఏదీ చెయ్యనివ్వకూడదు.

చదవడం దాకా సహనం సులువే. చదివి, మార్చి, తిరిగి రాయడంలోనే డేటా పోతుంది. పాత క్లయింటు ఒక ప్రొఫైల్ తెచ్చుకుంటుంది, తనకు తెలియని కొత్త ఫీల్డుని దాటిపోతుంది, పేరు మార్చి మొత్తం ఆబ్జెక్టుని, ఉన్నదాని స్థానంలో పెట్టే పుట్ రిక్వెస్టుతో తిరిగి పంపుతుంది. కొత్త ఫీల్డు చెరిగిపోతుంది. ఎవరికీ ఎర్రర్ రాదు. డేటాను బైట్లుగా మార్చి పంపే పద్ధతి ప్రోటోబఫ్. దాని మూడో తరం మొదట్లో తెలియని ఫీల్డుల్ని పారేసేది. 2017లో 3.5 నుంచి మళ్లీ దాచి ఉంచడం మొదలుపెట్టింది, కారణం సరిగ్గా ఇదే రకం నష్టం. జేసన్‌తో పనిచేసేవాళ్లకు ఆ సాయం లేదు. మారిన ఫీల్డుల్ని మాత్రమే పంపే ప్యాచ్ రిక్వెస్టు ఒక్కటే నమ్మదగిన దారి.

ప్రోటోబఫ్ అనగానే ఇంకో మాట. అక్కడ వైరు మీద వెళ్లేది ఫీల్డు పేరు కాదు, నంబరు. 4వ నంబరులో ఉన్న ఫోన్ ఫీల్డు తీసేసి, ఆర్నెల్ల తర్వాత అదే 4కి ఈమెయిల్ ఇస్తే, రెండూ స్ట్రింగులే కాబట్టి పాత క్లయింటు ఈమెయిల్‌ని ఫోన్ నంబరనుకుని ప్రశాంతంగా చదివేస్తుంది. తీసేసిన నంబరునీ పేరునీ రిజర్వ్‌డ్ అని రాసిపెడితే కంపైలరే అడ్డుకుంటుంది. బఫ్ లాంటి టూల్‌తో స్కీమాను (ఫీల్డుల నిర్వచనాన్ని) పాతదానితో పోల్చే తనిఖీని కమిట్ దగ్గరే పెడితే మనిషి జ్ఞాపకం మీద ఆధారపడక్కర్లేదు.

జేసన్‌లో పెద్ద అంకెల గొడవ కూడా ఈ కోవదే. జావాస్క్రిప్టు 9007199254740991 దాకానే పూర్ణాంకాల్ని ఖచ్చితంగా పట్టుకుంటుంది. చివర 3 ఉన్న 9007199254740993 పంపితే చివర 2గా మారి చేరుతుంది. ఐడీలు ఆ హద్దు దాటబోతున్నప్పుడు, 2010లో, ట్విట్టర్ పాత ఐడీ ఫీల్డుని అలాగే ఉంచి, పక్కన అదే ఐడీని స్ట్రింగుగా ఇంకో ఫీల్డులో ఇచ్చింది. పాత ఫీల్డు రకాన్నే స్ట్రింగుగా మార్చి ఉంటే అన్ని భాషల క్లయింట్లూ ఒకేసారి విరిగేవి. మార్చకు, పక్కన చేర్చు. వెర్షన్ నంబరు పెంచే అవసరాన్ని సగానికి సగం తప్పించే అలవాటు ఇదే.

వెర్షన్ నంబరు పాత్‌లో పెట్టాలా, హెడర్లోనా అన్న చర్చకు జనం పెట్టే సమయం అనవసరం అనిపిస్తుంది. పాత్ అయితే లాగుల్లో కనబడుతుంది, హెడర్ అయితే లింకులు మారవు. ఏదైనా పర్వాలేదు. అసలు ప్రశ్న: క్లయింటు వెర్షన్ ఏదీ చెప్పకపోతే ఏమివ్వాలి? "తాజాది" అన్న జవాబు మాత్రం ఇవ్వకూడదు. అలా ఇచ్చిన రోజునుంచీ ప్రతి విడుదలా ఎవరో ఒకరిని విరగ్గొడుతుంది. చెల్లింపుల సర్వీసు స్ట్రైప్ తేదీని వెర్షన్‌గా వాడుతుంది. అకౌంటు నుంచి మొదటి రిక్వెస్ట్ వచ్చినప్పటి వెర్షన్‌ని ఆ అకౌంటుకు కట్టేస్తుంది, మార్చాలంటే మనమే మార్చుకోవాలి. లోపల కోడ్ తాజా రూపంలోనే నడుస్తుంది. జవాబు బయటికి వెళ్లేటప్పుడు ఒక్కో మార్పునూ వెనక్కి తిప్పుతూ అడిగిన తేదీ రూపానికి తెస్తుంది. పాత తర్కం కోడ్ అంతటా "వెర్షన్ ఇంతకన్నా పాతదైతే" అన్న షరతులుగా చెదిరిపోకుండా అంచున ఒకచోట ఉండటం దీని గొప్పతనం. మార్పు చేసినవాళ్లే దాన్ని వెనక్కి తిప్పే మాడ్యూలూ రాయాలన్న నియమం పెడితే, చాలా మార్పులు అక్కర్లేదని వాళ్లకే అర్థమవుతుంది. ఇక్కడొక జాగ్రత్త: వెబ్‌హుక్ (సర్వీసు తనంతట తానే మనకు పంపే ఈవెంటు) వచ్చే రూపం మన లైబ్రరీ వెర్షన్‌ని బట్టి ఉండదు, అకౌంటుకో ఆ వెబ్‌హుక్ అడ్రసుకో పెట్టిన వెర్షన్‌ని బట్టి ఉంటుంది. లైబ్రరీ అప్‌గ్రేడ్ చేసి ఇది మరిచిపోతే రిక్వెస్టులు సరిగ్గా నడుస్తాయి, ఈవెంట్లు మాత్రం డీకోడ్ కావు.

వాడని తలుపు కీలు తుప్పుపడుతుంది. ఇంటర్నెట్ కనెక్షన్లను గుప్తంగా ఉంచే టీఎల్ఎస్ దీనికి నిలువెత్తు సాక్ష్యం. అందులో వెర్షన్ బేరం మొదటినుంచీ ఉంది, కానీ కొత్త నంబరు చూడగానే తన నంబరు చెప్పాల్సింది పోయి కనెక్షన్ తెంపేసే సర్వర్లు పేరుకుపోయాయి. చివరికి 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3 తన మొదటి మెసేజీలో వెర్షన్ చోట టీఎల్ఎస్ 1.2 నంబరే, హెక్సాడెసిమల్‌లో 0303, వేసుకుని, అసలు జాబితాను ఒక ఎక్స్‌టెన్షన్‌లో పంపాల్సి వచ్చింది. ఇది మళ్లీ జరగకుండా 2020లో గ్రీస్ అనే పద్ధతిని ఆర్ఎఫ్‌సీగా (ఇంటర్నెట్ పద్ధతులు చెప్పే అధికారిక పత్రంగా) ప్రచురించారు: క్లయింట్లు అర్థంలేని విలువల్ని యాదృచ్ఛికంగా కలిపి పంపుతుంటాయి, వాటిని దాటిపోలేని సర్వరు మొదటి రోజే బయటపడుతుంది. ఏపీఐలకూ ఇది అందుబాటులోనే ఉంది. స్టేజింగ్‌లో (విడుదలకు ముందు పరీక్షించే చోట) ప్రతి వందో జవాబులో ఒక తెలియని ఫీల్డు, ఒక తెలియని ఎనమ్ విలువ చేర్చే మిడిల్‌వేర్ (రిక్వెస్టుకూ జవాబుకూ మధ్య నిలిచే కోడ్) ముప్పై లైన్ల పని. డాక్యుమెంటేషన్‌లో "దాటిపోండి" అని ఎన్నిసార్లు రాసినా రాని క్రమశిక్షణ దీనితో వస్తుంది.

ఇక పాతదాన్ని తీసేయడం. తియ్యకుండా ఉండటం కుదరదు, సెక్యూరిటీ ప్యాచ్ ప్రతి పాత దారికీ వెయ్యాలి కదా. కానీ తీసే ముందు ఎవరు వాడుతున్నారో తెలియాలి, తెలియాలంటే ప్రతి క్లయింటూ తన పేరు, బిల్డ్ నంబరు యూజర్ ఏజెంట్ హెడర్లో పంపాలి. "పాత వెర్షన్‌కి రోజుకు 400 రిక్వెస్టులు" అన్న అంకెతో ఏ పనీ కాదు. ఆ 400 పంపేది ఎవరో తెలిస్తే ఫోను చెయ్యవచ్చు. కొలిచే కాలం కూడా ముఖ్యం: రెండు వారాలు సున్నా చూసి తీసేస్తే, నెలాఖరున నడిచే బిల్లింగ్ జాబు విరుగుతుంది. వాడకంలోని అతి పొడవైన చక్రం కన్నా ఎక్కువ కాలం కొలవాలి.

తీసేస్తున్నామని చెప్పడానికి అందరికీ ఒకేలా నిర్వచించిన హెడర్లు ఉన్నాయి: సన్‌సెట్ (ఆగిపోయే తేదీ) 2019లో, డిప్రికేషన్ (ఇక వాడొద్దనే తేదీ) 2025లో ఆర్ఎఫ్‌సీలుగా వచ్చాయి. రెండిటి తేదీ రూపాలు వేరని గమనించాలి. సన్‌సెట్‌లో మామూలు హెచ్‌టీటీపీ తేదీ, డిప్రికేషన్‌లో ఎట్ గుర్తు తర్వాత యూనిక్స్ సెకన్లు. ఒకే పార్సర్‌తో రెండూ చదవాలని చూస్తే కుదరదు. గడువు విషయంలో గిట్‌హబ్ తన రెస్ట్ ఏపీఐకి పెట్టుకున్న మాట, కొత్త వెర్షన్ వచ్చాక పాతదానికి కనీసం 24 నెలలు, బయటివాళ్లు వాడే ఏపీఐకి న్యాయమైన కొలత అనిపిస్తుంది.

హెడర్లు చదవనివాళ్ల కోసం ముందస్తు కోతలు పెట్టాలి: గడువుకు చాలా ముందే పాత దారిని ప్రకటించిన సమయానికి 5 నిమిషాలు, తర్వాతి వారం ఒక గంట, ఆ తర్వాత పూర్తి రోజు ఆపి, మళ్లీ తెరవాలి. ప్రతిసారీ వేర్వేరు వేళల్లో ఆపాలి, లేకపోతే రాత్రి జాబులు తప్పించుకుంటాయి. ఆపినప్పుడు ఇచ్చే కోడ్ 410 (ఇది తీసేశాం అని అర్థం) కావాలి. 503 ఇస్తే క్లయింట్లు తాత్కాలికమనుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. అయిదు నిమిషాల కోతని అలా దాటేస్తాయి, ఎవరికీ అలారం మోగదు, పైగా ఆ ప్రయత్నాల బరువు సర్వరు మీదే పడుతుంది. 404 ఇస్తే అసలు వస్తువే లేదనుకుని కొన్ని క్లయింట్లు తమ దగ్గరున్న కాపీని చెరిపేస్తాయి.

టెస్టుల్లో అన్ని వెర్షన్లనూ అన్నిటితో కలపనక్కర్లేదు. మద్దతిచ్చే అతి పాత క్లయింటు బిల్డుని దాచిపెట్టి కొత్త సర్వరు మీద నడపాలి, కొత్త క్లయింటుని అతి పాత సర్వరు మీద నడపాలి. గీత రెండు కొసలూ పట్టుకుంటే మధ్యలో విరిగేవి తక్కువ. పాత క్లయింటుని కొత్త సోర్సు నుంచి మళ్లీ కంపైల్ చెయ్యకూడదు, అప్పట్లో బయటికి వెళ్లిన బిల్డే కావాలి. దానిలో ఉన్న పాత లైబ్రరీల డిఫాల్టులే మనం పరీక్షించేది.

వీటన్నిటికన్నా తక్కువ ఖర్చుతో, ఈ వారమే చెయ్యగలిగింది ఒకటుంది. క్లయింటు మొదలైనప్పుడు, మళ్లీ కనెక్టయిన ప్రతిసారీ, ఒక లాగ్ లైను రాయాలి: నా హద్దులు ఇవి, సర్వీసు చెప్పిన హద్దులు ఇవి, ఎంచుకున్నది ఇది. ఎంపిక కుదరకపోతే ఎర్రర్లో ఆ నాలుగు హద్దులూ, ఏ వైపు అప్‌గ్రేడ్ చెయ్యాలో కూడా ఉండాలి. "సపోర్ట్ లేని వెర్షన్" అని మాత్రమే వచ్చే మెసేజీ చదివి, అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న మనిషి ఏ వైపు కదపాలో తేల్చుకోలేడు.